మెదడులో నీళ్లు కదిలితే.. ఎంఆర్‌ఐ కరెంటు లెక్క తప్పుతుందా? హై ఫీల్డ్ స్కానర్ల అసలు చిక్కు ఇదే!

ఎంఆర్‌ఐ స్కాన్ తీసేటప్పుడు టెక్నీషియన్ చెప్పే మొదటి మాట ఒక్కటే.. 'కదలకండి'. తల కదపకుండా పడుకుంటాం. చెయ్యి కదపం, దగ్గు వచ్చినా ఆపుకుంటాం. కానీ మన మాట వినని కదలిక ఒకటి తల లోపలే ఉంది. మెదడు చుట్టూ, మెదడు లోపలి గదుల్లో ఉండే ద్రవం గుండె కొట్టుకున్న ప్రతిసారీ కిందికీ పైకీ ఊగుతూనే ఉంటుంది. దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

మామూలు స్కాన్‌కు దీనితో పెద్ద ఇబ్బంది లేదు. కానీ ఎంఆర్‌ఐతోనే శరీరంలోని 'విద్యుత్ వాహకత'ను, అంటే ఏ భాగం కరెంటును ఎంత బాగా ప్రసరింపజేస్తుందో కొలిచే కొత్త పద్ధతికి మాత్రం ఈ చిన్న ఊగిసలాటే పెద్ద తలనొప్పి. ద్రవం కదిలితే లేని వాహకత ఉన్నట్టు, ఉన్న వాహకత లేనట్టు లెక్క వస్తుంది. ఎందుకిలా? 7 టెస్లా లాంటి హై ఫీల్డ్ స్కానర్లు వస్తే ఇది తగ్గుతుందా, పెరుగుతుందా? వివరంగా చూద్దాం.

అసలేంటీ వాహకత చిత్రం?

మన శరీరంలో ప్రతి భాగానికీ కరెంటును ప్రసరింపజేసే గుణం వేరువేరుగా ఉంటుంది. ఉప్పు, నీరు ఎక్కువున్న చోట ఎక్కువ. కొవ్వు ఉన్న చోట తక్కువ. 3 టెస్లా స్కానర్ వాడే రేడియో తరంగాల దగ్గర మెదడులోని తెల్ల పదార్థం వాహకత మీటరుకు సుమారు 0.35 సీమెన్స్. బూడిద రంగు పదార్థానిది దాదాపు 0.6. అదే మెదడు చుట్టూ ఉండే మస్తిష్క మేరు ద్రవానిది ఏకంగా 2.1 వరకు ఉంటుంది. వైద్యులు 'సీఎస్ఎఫ్' అనేది దీన్నే.

కణితి వచ్చిన చోట నీరు, సోడియం శాతం మారుతుంది. దాంతో వాహకత కూడా మారుతుంది. మెదడు కణితుల్లో వాహకత చుట్టుపక్కల కణజాలం కంటే ఎక్కువగా కనిపించినట్టు పరిశోధనల్లో తేలింది. అంటే సూది గుచ్చకుండా, మందు ఎక్కించకుండా, మామూలు ఎంఆర్‌ఐ మెషీన్‌తోనే కణితి గురించి ఇంకో సమాచారం దొరికే అవకాశం ఉందన్నమాట. అందుకే పరిశోధకులకు దీని మీద అంత ఆసక్తి.

ఇంకో కారణం కూడా ఉంది. స్కానర్ పంపే రేడియో తరంగాల వల్ల శరీరం కొద్దిగా వేడెక్కుతుంది. ఏ చోట ఎంత వేడెక్కుతుందో చెప్పాలంటే ఆ చోటి వాహకత తెలియాలి. టెస్లాలు పెరిగేకొద్దీ ఈ వేడి లెక్క మరింత కీలకమవుతుంది.

ఈ పద్ధతి పేరు 'ఎలక్ట్రికల్ ప్రాపర్టీస్ టోమోగ్రఫీ'. ముద్దుగా 'ఈపీటీ'. ఎంఆర్‌ఐతో ఈ కొలత సాధ్యమేనన్న ఆలోచన 1991లోనే వచ్చింది. మనుషుల మీద వాడగలిగే స్థాయికి తెచ్చింది మాత్రం జర్మనీలోని హాంబర్గ్‌లో పనిచేసే ఉల్రిచ్ కాట్‌షర్ బృందం 2009లో ప్రచురించిన పరిశోధన. ఆ తర్వాతే ప్రపంచవ్యాప్తంగా చాలా ల్యాబులు దీని వెంట పడ్డాయి.

కరెంటు పెట్టకుండానే కరెంటు లెక్క ఎలా?

ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఈపీటీలో శరీరానికి వైర్లు తగిలించరు. కరెంటు పంపరు. స్కానర్ ఎలాగూ రేడియో తరంగాలు పంపుతుంది కదా, వాటినే గమనిస్తారు.

రేడియో తరంగం గాలిలో వెళ్లినట్టు ఉప్పునీటిలో వెళ్లదు. వాహకత ఉన్న చోట దాని నడక కాస్త వెనకబడుతుంది. ఈ వెనకబాటునే 'ఫేజ్' అంటారు. సులువుగా అర్థం కావాలంటే.. మెదడంతా చిన్న చిన్న గడియారాలు పేర్చినట్టు ఊహించుకోండి. ప్రతి గడియారంలో ఒకే ముల్లు. తరంగం ఆలస్యంగా చేరిన చోట ముల్లు కొద్దిగా వెనక ఉంటుంది. స్కానర్ ఈ ముళ్ల కోణాలన్నీ చదివి ఒక పటం గీస్తుంది. అదే ఫేజ్ పటం.

అయితే వాహకత ఉండేది ముల్లు కోణంలో కాదు. పక్క గడియారానికీ దీనికీ ఉన్న తేడాలోనూ కాదు. ఆ తేడా ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఎలా మారుతోందన్న దానిలో ఉంటుంది. గణితంలో చెప్పాలంటే ఫేజ్ పటం ఎంత వంగింది అన్నది ముఖ్యం. పటం చదునుగా ఉన్నా, ఒక పక్కకు వాలిన రేకులా ఉన్నా వాహకత సున్నా. గిన్నెలా వంగితేనే వాహకత ఉన్నట్టు. వంపు ఎంత ఎక్కువైతే వాహకత అంత ఎక్కువ.

డిగ్రీలో మూడో వంతు!

మరి ఈ వంపు ఎంత ఉంటుంది? వింటే ఆశ్చర్యపోతారు. 3 టెస్లా స్కానర్‌లో, 2 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న చుక్కలను పోల్చుకుంటూ పోతే, వాహకత బాగా ఎక్కువున్న మస్తిష్క మేరు ద్రవంలో కూడా ఒక్కో దిశలో వచ్చే వంపు డిగ్రీలో మూడో వంతే. 7 టెస్లాలో అయితే సుమారు 0.8 డిగ్రీలు. అక్కడా ఒక్క డిగ్రీ దాటదు.

గడియారంలో నిమిషాల ముల్లు ఒక్క నిమిషానికి 6 డిగ్రీలు తిరుగుతుంది. అందులో పద్దెనిమిదో వంతు కదలికను పట్టుకుని వాహకత చెప్పాలి. ఇంత సున్నితమైన కొలతలోకి ఏ చిన్న తప్పు దూరినా ఫలితం తలకిందులవుతుంది. సరిగ్గా ఇక్కడే కదిలే ద్రవం వచ్చి కూర్చుంటుంది.

ద్రవం కదిలితే ముల్లు ఎందుకు తిరుగుతుంది?

ఎంఆర్‌ఐలో ఏ సిగ్నల్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియడానికి 'గ్రేడియంట్' అనే అదనపు అయస్కాంత క్షేత్రాన్ని వాడతారు. స్కాన్‌లో వినిపించే టకటక శబ్దం దీనివల్లే. గ్రేడియంట్ ఆన్ చేయగానే ఒక్కో చోట ముల్లు ఒక్కో వేగంతో తిరుగుతుంది. తర్వాత గ్రేడియంట్‌ను రివర్స్ చేస్తే ముళ్లు వెనక్కి తిరిగి ఒకే వరుసలోకి వస్తాయి.

కదలకుండా ఉన్న కణజాలానికి ఈ లెక్క సరిపోతుంది. ముందుకు ఎంత తిరిగిందో వెనక్కీ అంతే. కానీ కదిలే ద్రవం సంగతి వేరు. ముందుకు తిరిగినప్పుడు ఒక చోట ఉంటుంది, వెనక్కి తిరిగేసరికి ఇంకో చోటికి వెళ్లిపోతుంది. దాంతో లెక్క సరిపోదు. ముల్లు కొంచెం అదనంగా తిరిగి ఆగుతుంది. ఎంత వేగంగా కదిలితే అంత అదనం.

ఇదేమీ కొత్త విషయం కాదు. రక్తం ఎంత వేగంగా ప్రవహిస్తోందో ఎంఆర్‌ఐతో కొలిచేది దీని ఆధారంగానే. అక్కడ ఇది వరం. వాహకత కొలిచేవాళ్లకు మాత్రం ఇదే శాపం. ఎందుకంటే స్కానర్ ముల్లు కోణాన్ని మాత్రమే చదువుతుంది. అందులో వాహకత వల్ల వచ్చింది ఎంత, కదలిక వల్ల వచ్చింది ఎంత అని విడదీసి చెప్పదు.

పంట కాలువ చెప్పే పాఠం

ఇక్కడ ఒక అనుమానం రావచ్చు. వాహకత వంపులోనే ఉంటుందన్నారు కదా, ద్రవమంతా ఒకే వేగంతో కదిలితే అన్ని ముళ్లూ ఒకేలా తిరుగుతాయి కదా, వంపు ఎక్కడిది? ప్రశ్న కరెక్టే. ద్రవమంతా ఒకే వేగంతో కదిలితే నిజంగానే ఏ తప్పూ రాదు.

కానీ ఏ ద్రవమూ అలా ప్రవహించదు. పంట కాలువ గట్టు మీద నిలబడి రెండు ఎండుటాకులు వేసి చూడండి. మధ్యలో పడ్డది చకచకా సాగిపోతుంది. గట్టు పక్కన పడ్డది అక్కడక్కడే తచ్చాడుతుంది. గొట్టంలో ప్రవాహమూ అంతే. మధ్యలో వేగం ఎక్కువ. అంచుకు వెళ్లేకొద్దీ తగ్గి, గోడ దగ్గర సున్నా అవుతుంది. ఈ వేగాలను గీస్తే వచ్చే ఆకారం ఏంటో తెలుసా? అచ్చంగా బోర్లించిన గిన్నె!

అంటే వాహకత ఫేజ్ పటం మీద ఏ ఆకారం గీస్తుందో, ప్రవాహం కూడా అలాంటి ఆకారమే గీస్తోంది. అందుకే సాఫ్ట్‌వేర్ మోసపోతుంది. ప్రవాహం వల్ల వచ్చిన గిన్నెను చూసి అది వాహకతే అనుకుంటుంది. ప్రవాహం ఒక దిశలో ఉంటే అసలు విలువకు అదనం కలుపుతుంది. ఎదురు దిశలో ఉంటే కోత పెడుతుంది.

లెక్కలో ఎంత తేడా వస్తుంది?

ఒక ఉదాహరణ చూద్దాం. 2 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టంలో ఉప్పునీరు ప్రవహిస్తోంది. మధ్యలో వేగం సెకనుకు ఒకే ఒక్క సెంటీమీటరు. చీమ నడకంత. ఈ వేగానికి ముల్లు 1.8 డిగ్రీలు అదనంగా తిరిగే సెట్టింగ్‌లో స్కాన్ చేశారనుకుందాం.

3 టెస్లాలో వచ్చే దొంగ వాహకత మీటరుకు సుమారు 0.6 సీమెన్స్. అంటే బూడిద రంగు పదార్థం అసలు వాహకతంత! 7 టెస్లాలో అదే తప్పు సుమారు 0.27.

ఇప్పుడు గొట్టం వ్యాసాన్ని సగానికి తగ్గిద్దాం. వేగం అంతే. వేగం తక్కువ దూరంలోనే సున్నాకు పడిపోవాలి కాబట్టి వంపు నాలుగు రెట్లు పెరుగుతుంది. 3 టెస్లాలో దొంగ వాహకత 2.5కు చేరుతుంది. మస్తిష్క మేరు ద్రవం అసలు వాహకత 2.1 అని పైన చెప్పుకున్నాం. అంటే తప్పు అసలును మించిపోయిందన్నమాట. దారి ఇరుకయ్యేకొద్దీ తప్పు పెరుగుతుందన్నది ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన విషయం.

మరి మెదడులో దారులు ఎలా ఉంటాయి? చాలావరకు ఇరుకే. మెదడులో మూడో గదినీ నాలుగో గదినీ కలిపే సన్నని కాలువ వెడల్పు కొద్ది మిల్లీమీటర్లే. అక్కడ ద్రవం వేగం సెకనుకు కొన్ని సెంటీమీటర్ల వరకు వెళ్తుంది.

గుండె కొట్టుకుంటే మెదడులో అలలు

మన శరీరంలో ఒక్కసారికి ఉండే మస్తిష్క మేరు ద్రవం సుమారు 150 మిల్లీలీటర్లు. రోజుకు దాదాపు 500 మిల్లీలీటర్లు తయారవుతుంది. ఈ తయారీ వల్ల జరిగే ప్రవాహం చాలా నెమ్మది. అసలు ఊపంతా గుండెది. గుండె రక్తాన్ని తలలోకి నెట్టగానే పుర్రెలో చోటు లేక ద్రవం వెన్ను వైపు దిగుతుంది. గుండె సడలగానే మళ్లీ పైకి వస్తుంది. ఊపిరి తీసినా వదిలినా కూడా కదలిక ఉంటుంది.

దీనివల్ల రెండు చిక్కులు. మొదటిది, ఒకే స్కాన్‌లో ద్రవం కొన్నిసార్లు కిందికి, కొన్నిసార్లు పైకి వెళ్తుంటుంది. అంటే తప్పు ఒకసారి ప్లస్, ఇంకోసారి మైనస్. రెండూ సరిగ్గా కొట్టేసుకుంటే బాగానే ఉండేది. కానీ స్కాన్‌లో ప్రతి గీతా వేరువేరు క్షణంలో తీస్తారు కాబట్టి అలా జరగదు.

రెండోది ఇంకా ప్రమాదకరం. ఇలా లయగా మారే సిగ్నల్ వల్ల చిత్రంలో నీడలు పడతాయి. రేడియాలజీలో వీటిని 'గోస్ట్' అంటారు. ద్రవం ఒక చోట ఉంటే దాని నీడ అల్లంత దూరంలో, ఏ కదలికా లేని మెదడు భాగం మీద పడుతుంది. మామూలు చిత్రంలో ఆ నీడ కంటికి ఆనకపోవచ్చు. కానీ డిగ్రీలో మూడో వంతును వెతికే ఈపీటీ లెక్కలో మాత్రం అది కచ్చితంగా దూరుతుంది. తప్పు ద్రవంలోనే కాదు, ద్రవం లేని చోట కూడా వస్తుందన్నమాట.

పరీక్షాపత్రమే తప్పయితే?

ఈ సమస్యను పరిశోధకులు అంత సీరియస్‌గా తీసుకోవడానికి అసలు కారణం వేరే ఉంది. మస్తిష్క మేరు ద్రవం దాదాపుగా ఉప్పునీరే. దాని వాహకత బయట కొలవచ్చు. 1997లో ఏడుగురు రోగుల ద్రవాన్ని ల్యాబులో పరీక్షిస్తే శరీర ఉష్ణోగ్రత దగ్గర మీటరుకు 1.79 సీమెన్స్ వచ్చింది. అది తక్కువ ఫ్రీక్వెన్సీలో తీసిన కొలత. రేడియో ఫ్రీక్వెన్సీలో 2.1 దాకా ఉంటుంది.

అంటే ప్రతి మనిషి తలలోనూ జవాబు ముందే తెలిసిన ప్రశ్న ఒకటి ఉంది. కొత్త పద్ధతి సరిగ్గా పనిచేస్తోందా లేదా అని చూసుకోవడానికి అంతకంటే మంచి పరీక్ష ఏముంటుంది? కానీ మెదడులో అన్నిటికంటే ఎక్కువగా కదిలేదీ, జవాబు అటూ ఇటూ అయ్యేదీ కూడా ఇదే. తెలిసిన నీటి విలువే తప్పు చెబితే, తెలియని కణితి విలువను ఎలా నమ్మాలి? ఇదీ అసలు ప్రశ్న.

అయితే ప్రతి తప్పునూ కదలిక మీదకే నెట్టేయడం కూడా కరెక్ట్ కాదు. మెదడు మడతల మధ్య ద్రవం పొర చాలా పలుచన. వంపు లెక్కించేటప్పుడు పక్కనున్న బూడిద రంగు పదార్థం కూడా కలిసిపోయి విలువ మారుతుంది. ఏ తప్పు దేనివల్ల వచ్చిందో తేల్చాలంటే ఒక దారి ఉంది. ల్యాబులో గొట్టంలో ఉప్పునీరు పోసి, పంపు ఆపి ఒకసారి, పంపు వేసి ఒకసారి స్కాన్ చేయాలి. నీరు అదే, ఉప్పు అదే, గొట్టం అదే. పంపు వేయగానే వాహకత మారిందంటే ఆ తేడా అంతా కదలికదే.

7 టెస్లా వస్తే లాభమా? నష్టమా?

అమెరికా ఎఫ్‌డీఏ 2017లో తొలిసారి 7 టెస్లా స్కానర్‌ను ఆస్పత్రుల్లో రోగుల మీద వాడేందుకు అనుమతించింది. ఫ్రాన్స్‌లో ఇంకా పెద్దది, 11.7 టెస్లా స్కానర్ తయారైంది. దాని అయస్కాంతం బరువే 132 టన్నులు. ఆ స్కానర్‌తో తీసిన మనిషి మెదడు చిత్రాలను 2024లో విడుదల చేశారు.

టెస్లాలు పెరిగితే రేడియో ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది. 3 టెస్లాలో సుమారు 128 మెగాహెర్ట్జ్, 7 టెస్లాలో 298. ఫ్రీక్వెన్సీ పెరిగితే వాహకత గీసే వంపు కూడా పెరుగుతుంది. కానీ ప్రవాహం వల్ల వచ్చే వంపు గ్రేడియంట్ మీద ఆధారపడుతుంది తప్ప టెస్లాల మీద కాదు. అందుకే పైన ఉదాహరణలో 7 టెస్లాలో తప్పు సగానికంటే తగ్గింది. ఇంతవరకు లాభమే.

కానీ 7 టెస్లా కొనేది ఎందుకు? ఇంకా చిన్న వివరాలు చూడటానికి. చిన్న వివరాలు చూడాలంటే గ్రేడియంట్లు బలంగా, ఎక్కువసేపు వాడాలి. అలా వాడితే ప్రవాహానికి ముల్లు ఇంకా ఎక్కువ తిరుగుతుంది. ఇటు వచ్చిన లాభం అటు పోతుంది. పైగా ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఈపీటీ లెక్కలో వాడే కొన్ని సులువైన ఊహలు కూడా సడలిపోతాయి. పెద్ద మెషీన్ కొంటే సమస్య దానంతట అదే పోతుందనుకుంటే పొరపాటే.

మరి పరిష్కారం ఏంటి?

ఒకటి కాదు, చాలానే ఉన్నాయి. అన్నీ కొంతమేర పనిచేసేవే.

ఫ్లో కాంపెన్సేషన్: గ్రేడియంట్‌కు అదనపు పల్స్‌లు కలిపి, స్థిరమైన వేగంతో కదిలే ద్రవానికి కూడా ముల్లు సున్నాకు వచ్చేలా చేస్తారు. స్కాన్ సమయం కొంచెం పెరుగుతుంది. వేగం క్షణక్షణం మారితే మాత్రం కొంత తప్పు మిగులుతుంది.

రెండుసార్లు స్కాన్: గ్రేడియంట్ దిశను తిప్పి ఇంకోసారి తీస్తారు. మొదటి దానిలో తప్పు ప్లస్ అయితే రెండో దానిలో మైనస్. సగటు తీస్తే కొట్టేసుకుంటుంది. కాకపోతే రెండుసార్లూ ద్రవం ఒకేలా కదిలి ఉండాలి.

గుండె లయతో జత: గుండె కొట్టుకునే ఒకే దశలో ప్రతి గీతనూ తీస్తారు. నీడలు తగ్గుతాయి. కానీ స్కాన్ ఎక్కువసేపు పడుతుంది.

తక్కువ సమయంలో చదవడం: రేడియో పల్స్ ఇవ్వగానే సిగ్నల్ చదివేసే పద్ధతులున్నాయి. ద్రవం కదిలేలోపే పని అయిపోతుంది కాబట్టి తప్పు బాగా తగ్గుతుంది.

అయస్కాంతమే ద్రవాన్ని కదిలిస్తే?

అంతేకాదు, ఈ కథకు ఇంకో మలుపు కూడా ఉంది. హై ఫీల్డ్ స్కానర్‌లోకి వెళ్లినవారిలో కొందరికి తల తిరిగినట్టు అనిపిస్తుంది. అదేదో భయం వల్ల కాదు. లోపలి చెవిలో ఉండే ద్రవంలో సహజంగానే సన్నని అయాన్ల ప్రవాహం ఉంటుంది. బలమైన అయస్కాంతం దాన్ని ఒక పక్కకు నెడుతుంది. మెదడు అది తల తిరగడమే అనుకుంటుంది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2011లో ఈ సంగతిని బయటపెట్టారు. స్కానర్‌లో ఊరికే పడుకున్నవారి కళ్లు కూడా వాటంతట అవే కదులుతున్నట్టు వాళ్లు గమనించారు. వాహకత లెక్కకూ దీనికీ నేరుగా సంబంధం లేకపోయినా ఒక విషయం మాత్రం స్పష్టం. బలమైన అయస్కాంతం ముందు మన ఒంట్లోని ఉప్పునీరు ఊరికే ఉండదు.

రోగికి దీనితో పనేంటి?

ఈపీటీ ఇప్పటికి ప్రధానంగా పరిశోధన దశలోనే ఉంది. మీరు డయాగ్నస్టిక్ సెంటర్‌కు వెళ్లి తీయించుకునే మామూలు ఎంఆర్‌ఐ రిపోర్టులో వాహకత అంకె ఉండదు. కాబట్టి చేతిలో ఉన్న రిపోర్టు గురించి కంగారు అక్కర్లేదు.

కానీ రేపు ఈ అంకె రిపోర్టులోకి వస్తే అప్పుడు తేడా చిన్నది కాదు. మెదడు లోపలి గదుల పక్కనే కణితి ఉన్న మనిషిని ఊహించండి. కణితికీ ద్రవానికీ మధ్య దూరం కొన్ని మిల్లీమీటర్లే. ద్రవం ఊగిన ఊపుకు వాహకత 0.6 ఎక్కువ చూపిస్తే మామూలు కణజాలం కూడా అనుమానాస్పదంగా కనిపించవచ్చు. తక్కువ చూపిస్తే అసలు కణితే మామూలుగా కనిపించవచ్చు. రెండో తప్పు మొదటి దానికంటే ఖరీదైనది.

అందుకే రంగురంగుల వాహకత చిత్రం చూపించడం కంటే, అందులో ఎంత భాగం కణజాలానిదో, ఎంత భాగం ప్రవాహానిదో తేల్చడమే ఇప్పుడు పరిశోధకుల ముందున్న అసలు పని. రోగి కదలకుండా పడుకోగలడు. గుండెను కదలొద్దని ఎవరూ చెప్పలేరు. ఆ కదలికను లెక్కలోకి తీసుకోవాల్సింది మెషీనే.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. స్కాన్ రిపోర్టులపై ఎలాంటి అనుమానాలున్నా మీ వైద్యుడిని సంప్రదించడం మంచిది.